హారం ముందు, లవం తర్వాత: సంభావ్యతనూ సాంఖ్యక శాస్త్రాన్నీ ఇంటి లెక్కలతో నేర్చుకునే పద్ధతి

సూత్రాలన్నీ నోటికి వచ్చినా, మాటల్లో ఇచ్చిన లెక్క కనిపించగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్న ప్రశ్న పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల నుంచి, ఇంటర్‌లో రెండో ఏడాది గణితం చదివే విద్యార్థుల నుంచి, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారి నుంచి నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. వారు పంపిన తప్పు జవాబులను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉంటాయి. తప్పు దాదాపు ఎప్పుడూ భాగహారంలో, అంటే దేనితో భాగించాలో నిర్ణయించే చోట జరుగుతుంది.

అందుకే ఈ పద్ధతి మొత్తానికీ ఒకటే ఆధారం. లెక్కలో ముందుగా రాయవలసింది హారం, అంటే భిన్నంలో కింద ఉండే అంకె; పైనున్న లవం తర్వాతే. "ఎన్ని?" అని అడగడానికి ముందు "వేటిలోంచి?" అని అడగడం అలవాటైతే, మిగిలిన పని చాలావరకు సులువవుతుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక గళ్ల నోటుపుస్తకం
- నాలుగు గవ్వలు (దొరకకపోతే ఒక వైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు)
- రెండు పాచికలు
- గడచిన 12 నెలల కరెంటు బిల్లులు
- వర్గమూలం మీట ఉన్న మామూలు కాలిక్యులేటర్

నోటుపుస్తకంలో ప్రతి లెక్కకూ ఒక పేజీ కేటాయించి, దాన్ని నాలుగు భాగాలు చేయండి: అంచనా, హారం, లెక్క, సరిచూపు. అంచనా అంటే లెక్క చేయకముందే మనసుకు తోచిన జవాబు. అది తప్పయినా సరే, చెరిపివేయకుండా అలాగే ఉంచండి. మీ మనసు ఎటువైపు పొరబడుతోందో తెలిపేది ఆ గడి ఒక్కటే కాబట్టి, నెల తర్వాత వెనక్కి తిరిగి చూసినప్పుడు మిగతా మూడు గడుల కంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

రోజుకు అరగంట చొప్పున నాలుగు వారాలు కేటాయించండి. ఒకే ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం వల్ల ఈ విషయం పట్టుబడదు.

2. మొదటి వారం: కరెంటు బిల్లులతో సగటు, మధ్యగతం

చాలామంది సంభావ్యతతో మొదలుపెడతారు. నా సలహా అందుకు విరుద్ధం. చేతిలో ఉన్న అంకెలను చదవడం వచ్చాకే, ఇంకా జరగని వాటి గురించి లెక్కించడం మంచిది.

ఒక ఇంట్లో జనవరి నుంచి డిసెంబరు వరకు వాడిన యూనిట్లు ఇవీ అనుకుందాం: 110, 115, 160, 230, 250, 220, 165, 155, 150, 140, 120, 105.

మొదటి మెట్టు: హారం రాయండి. ఇక్కడ అది 12 నెలలు.

రెండో మెట్టు: మొత్తం కూడండి. 1920 వస్తుంది. 1920ని 12తో భాగిస్తే సగటు 160 యూనిట్లు.

మూడో మెట్టు: అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి: 105, 110, 115, 120, 140, 150, 155, 160, 165, 220, 230, 250. అంశాల సంఖ్య సరిసంఖ్య కాబట్టి నడిమి రెండింటినీ, అంటే ఆరోదాన్నీ ఏడోదాన్నీ కూడి సగం చేయాలి. 150, 155ల సగటు 152.5. ఇదే మధ్యగతం.

నాలుగో మెట్టు: రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో ఒక వాక్యంలో రాయండి. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఫ్యాన్లు, కూలర్లు ఎక్కువగా తిరగడం వల్ల సగటు పైకి జరిగింది. పన్నెండింటిలో ఏడు నెలలు సగటు కంటే తక్కువగానే ఉన్నాయి. కాబట్టి ఏడాది మొత్తానికి ఎంత డబ్బు పక్కన పెట్టాలో తెలియడానికి సగటు పనికొస్తుంది, "మామూలు నెలలో మనింట్లో ఎంత వాడతాం?" అన్న ప్రశ్నకు మధ్యగతం మేలైన జవాబు.

బాహుళకం దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. చెప్పుల దుకాణదారు ఏ సైజును ఎక్కువగా తెప్పించాలో నిర్ణయించేటప్పుడు సగటు సైజు అతనికి ఉపయోగపడదు, ఎక్కువమంది కొన్న సైజు కావాలి. ఆ అంకే బాహుళకం.

వార్తల్లో సగటు కనిపించినప్పుడు కూడా హారాన్ని అడగండి. నైరుతి రుతుపవనాల కాలానికి, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, వాతావరణ శాఖ ప్రస్తుతం తీసుకుంటున్న దీర్ఘకాలిక సగటు వర్షపాతం 87 సెంటీమీటర్లు. అది 1971 నుంచి 2020 దాకా 50 ఏళ్లకు, దేశం మొత్తానికి తీసిన లెక్క. ఆ సగటులో 96 నుంచి 104 శాతం వరకు కురిస్తే "సాధారణ వర్షపాతం" అంటారు. దేశానికి సాధారణమైన ఏడాదిలో అనంతపురం జిల్లాలోని ఒక మండలం ఎండిపోవచ్చు, గోదావరి తీరంలోని మరో మండలం మునిగిపోవచ్చు. ప్రకటనలో తప్పేమీ లేదు. రైతు అడుగుతున్న ప్రశ్నకు హారం తన మండలం, ప్రకటనకు హారం దేశం.

3. సగటు ఒకటే అయినా రోజు ఒకేలా ఉండదు: ప్రామాణిక విచలనం

ఇంటి నుంచి కాలేజీకి రెండు బస్సు దారులు ఉన్నాయనుకోండి. ఐదేసి రోజులు నిమిషాల్లో కొలిస్తే ఇలా వచ్చింది.

మొదటి దారి: 28, 30, 31, 29, 32
రెండో దారి: 20, 45, 22, 40, 23

రెండింటి మొత్తమూ 150, రెండింటి సగటూ 30 నిమిషాలే. అయినా పరీక్ష రోజున ఏ దారిన వెళ్లాలో మీకు వెంటనే తోస్తుంది. ఆ తోచిన దానికి అంకె రూపం ఇవ్వడమే ప్రామాణిక విచలనం. మొదటి దారితో చేసి చూద్దాం.

1. ప్రతి అంశం నుంచి సగటును తీసివేయండి: −2, 0, 1, −1, 2. వీటి మొత్తం సున్నా కావాలి. కాకపోతే సగటు తప్పింది, వెనక్కి వెళ్లండి.
2. ప్రతిదాన్నీ వర్గం చేయండి: 4, 0, 1, 1, 4. మొత్తం 10.
3. హారం 5. భాగిస్తే 2. దీన్ని విస్తృతి అంటారు.
4. వర్గమూలం తీయండి: సుమారు 1.4 నిమిషాలు.

రెండో దారికి ఇదే చేస్తే వర్గాల మొత్తం 538, విస్తృతి 107.6, ప్రామాణిక విచలనం సుమారు 10.4 నిమిషాలు. మొదటి దారిలో నిమిషమో రెండు నిమిషాలో అటూఇటూ అవుతుంది. రెండో దారిలో పది నిమిషాల తేడా మామూలు విషయం.

ఇక్కడ విద్యార్థులను తికమక పెట్టే చిక్కు ఒకటుంది. కొన్ని పుస్తకాలు 5తో, కొన్ని 4తో భాగిస్తాయి. ఆ ఐదు రోజులే మీకు కావలసిన మొత్తం దత్తాంశమైతే 5తో భాగించాలి. ఆ ఐదు రోజులను నమూనాగా తీసుకుని ఏడాది పొడుగునా బస్సు ఎలా నడుస్తుందో అంచనా వేయాలనుకుంటే ఒకటి తగ్గించి 4తో భాగించాలి. నమూనా సగటు ఆ నమూనా అంకెలకే దగ్గరగా ఉండటం వల్ల విచలనం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. ఒకటి తగ్గించడం ఆ లోటును సర్దడానికే. పాఠశాల పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకం చెప్పినట్టే చేయండి.

4. రెండో వారం: అష్టాచెమ్మా గవ్వలతో శాంపుల్ ఆవరణం

నాణెం, పాచికల కంటే గవ్వలతో మొదలుపెట్టడమే నాకు ఇష్టం. నాణేన్ని చూడగానే "సగం" అని అలవాటుగా అనేస్తాం; గవ్వ దగ్గర ఆగి ఆలోచించవలసి వస్తుంది.

నాలుగు గవ్వలు వేసినప్పుడు వెల్లకిలా పడినవి ఒకటైతే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. మీ ఊళ్లో నియమం వేరైతే పేర్లు మార్చుకోండి, లెక్క అదే.

"ఫలితాలు ఐదు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది. కాబట్టి అష్టాకు సంభావ్యత 1/5" అన్నది నేను అన్నిటికంటే ఎక్కువగా చూసిన తప్పు. ఫలితాలు ఐదే, నిజమే. కానీ అవి సమసంభవాలు కావు, అంటే అన్నిటికీ జరిగే అవకాశం సమానంగా లేదు. సమసంభవాలు కాని వాటిని హారంలో లెక్కపెట్టకూడదు.

సరైన హారం కోసం ప్రతి గవ్వకూ ఒక రంగు చుక్క పెట్టి, నాలుగింటినీ విడివిడిగా గుర్తించండి. నోటుపుస్తకంలో 16 వరుసలు గీయండి. మొదటి గవ్వ నిలువు గడిలో ఎనిమిది సార్లు "వె", ఎనిమిది సార్లు "బో" రాయండి. రెండో గవ్వకు నాలుగేసి మార్చుతూ, మూడోదానికి రెండేసి, నాలుగోదానికి ఒక్కొక్కటి మార్చుతూ రాయండి. ఇలా చేస్తే ఏ కలయికా తప్పిపోదు, ఏదీ రెండుసార్లు రాదు. జరగగల కలయికలన్నీ ఉన్న ఈ జాబితానే శాంపుల్ ఆవరణం అంటారు. దీన్ని ఒక్కసారైనా చేత్తో రాయకుండా సూత్రానికి వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను.

వరుసలను లెక్కపెడితే ఇలా వస్తుంది:

- ఒకటి: 4/16
- రెండు: 6/16
- మూడు: 4/16
- చెమ్మా: 1/16
- అష్టా: 1/16

సరిచూపు: అన్నీ కలిపితే 16/16, అంటే 1. ఏ సంభావ్యత లెక్కకైనా ఈ సరిచూపు తప్పనిసరి.

ఇప్పుడు ఒక పందేనికి సగటున ఎన్ని గళ్లు జరుగుతామో చూడండి. ప్రతి విలువనూ అది వచ్చే మార్గాల సంఖ్యతో గుణించి కూడితే 4 + 12 + 12 + 4 + 8 = 40. హారం 16. జవాబు 2.5 గళ్లు. రెండున్నర అన్న పందెం ఎప్పుడూ పడదు. అనేక పందేలు వేస్తే సగటు దాని దగ్గరకు చేరుతుందని మాత్రమే దీని అర్థం.

5. అసలు గవ్వలు వేసి చూడటం

పై లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ అవకాశం సమానమని. గవ్వ ఆకారాన్ని చూస్తే అలా నమ్మడానికి కారణమేమీ లేదు. అందువల్ల వేసి చూడాలి.

1. నాలుగు గవ్వలను 100 పందేలు వేయండి. ప్రతిసారీ ఎన్ని వెల్లకిలా పడ్డాయో గీతలతో గుర్తించండి.
2. హారం రాయండి. పందేలు 100, గవ్వలు పడిన సార్లు 400. ఒక్క గవ్వ స్వభావం కావాలంటే హారం 400.
3. ఉదాహరణకు 240 సార్లు వెల్లకిలా పడ్డాయనుకుంటే, 240/400 = 0.6.
4. చెమ్మాకు 0.6 × 0.6 × 0.6 × 0.6 = 0.1296. అష్టాకు 0.4 × 0.4 × 0.4 × 0.4 = 0.0256.
5. ఈ లెక్క ప్రకారం 100 పందేల్లో చెమ్మాలు 13 దగ్గర, అష్టాలు రెండు మూడు రావాలి. మీ గీతలతో పోల్చండి.

సమాన గవ్వలైతే రెండింటికీ 1/16 ఉన్న సంభావ్యత, 0.5 కాస్తా 0.6 కాగానే ఎంతగా విడిపోయిందో గమనించండి. ఇప్పుడు చెమ్మా అష్టా కంటే ఐదు రెట్లు సులువు.

పోల్చేటప్పుడు అచ్చంగా 13 రాలేదని నిరాశ పడవద్దు. 9 వచ్చినా 17 వచ్చినా ఆశ్చర్యం లేదు. 40 వస్తే మాత్రం గవ్వలను కాకుండా ముందు మీ గీతలను అనుమానించండి. తర్వాత, నాలుగు గవ్వలూ ఒకే రకంగా పడుతున్నాయా అని ఒక్కోదాన్నీ విడిగా వేసి చూడండి.

6. "కనీసం ఒక్కసారి" అన్న మాట వస్తే

సమాన గవ్వలతో పది పందేలు వేస్తే కనీసం ఒక అష్టా పడే సంభావ్యత ఎంత? 1/16ను పదిసార్లు కూడి 10/16 అనడం సహజంగా తోచే జవాబు. అదే పద్ధతిలో 16 పందేలకు 16/16 వస్తుంది, అంటే అష్టా పడి తీరాలి. అలా జరగదని ఆడినవారందరికీ తెలుసు.

సరైన దారి ఇది. "కనీసం" అన్న మాట కనిపించగానే దానికి పూరక ఘటనను రాయండి: పదింటిలో ఒక్కటీ అష్టా కాకపోవడం. ఒక పందెంలో అష్టా రాకపోవడం 15/16. పందేలు ఒకదానిపై ఒకటి ఆధారపడవు కాబట్టి పదిసార్లు గుణించాలి, సుమారు 0.52 వస్తుంది. 1 నుంచి తీసివేస్తే 0.48. పదహారు పందేలకైనా 0.64 మాత్రమే.

ఇక్కడే మరో పొరపాటుకు మందు ఉంది. పది పందేలుగా అష్టా పడలేదు కాబట్టి పదకొండోదానిలో పడే అవకాశం పెరిగిందని అనుకోకూడదు. గవ్వలకు జ్ఞాపకం ఉండదు. పదకొండో పందేనికీ హారం ఆ 16 వరుసలే.

7. మూడో వారం: తీసినది తిరిగి పెట్టామా?

బుట్టలో 20 మామిడిపళ్లు ఉన్నాయి, వాటిలో 5 లోపల చెడినవి. చూడకుండా రెండు తీస్తే రెండూ మంచివయ్యే సంభావ్యత ఎంత?

మొదటి పండుకు హారం 20, మంచివి 15. దాన్ని తిరిగి బుట్టలో వేయలేదు కాబట్టి రెండోదానికి హారం 19, మిగిలిన మంచివి 14. గుణిస్తే 15/20 × 14/19 = 21/38, సుమారు 0.55. కనీసం ఒకటి చెడిపోయినది రావడం 17/38.

తిరిగి పెట్టినట్టు భావించి 15/20ను 15/20తో గుణిస్తే 0.5625 వస్తుంది. తేడా చిన్నదిగా కనిపించినా, బుట్టలో పళ్లు తక్కువైన కొద్దీ అది పెరుగుతుంది. లెక్క చదివేటప్పుడు "తిరిగి ఉంచి" అన్న మాట ఉందో లేదో గీత గీసి గుర్తించడం అలవాటు చేసుకోండి.

8. షరతు చేరితే హారం మారుతుంది

నియత సంభావ్యత, అంటే ఒక సంగతి ముందే తెలిశాక లెక్కించే సంభావ్యత, కష్టమని పేరుపడింది. భిన్నాలకు బదులు మనుషులను లెక్కపెడితే ఆ కష్టం చాలావరకు పోతుంది. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు మాత్రమే.

ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంది. జబ్బు ఉన్నవారిలో 90 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది. జబ్బు లేనివారిలో కూడా 5 శాతం మందికి పొరపాటున "ఉంది" అని చూపిస్తుంది. ఒకరికి "ఉంది" అని వచ్చింది. నిజంగా జబ్బు ఉండే సంభావ్యత ఎంత?

1. 10,000 మందిని ఊహించండి. జబ్బు ఉన్నవారు 100, లేనివారు 9,900.
2. ఉన్న 100 మందిలో "ఉంది" అని వచ్చేవారు 90.
3. లేని 9,900 మందిలో "ఉంది" అని వచ్చేవారు 495.
4. హారం 10,000 కాదు, 100 కూడా కాదు. ఫలితం "ఉంది" అని వచ్చినవారంతా: 90 + 495 = 585.
5. జవాబు 90/585, సుమారు 15 శాతం.

దాదాపు అందరూ ముందుగా రాసే అంచనా 90 శాతం. జబ్బు ఉన్నవారిలో పరీక్ష పట్టుకునేవారు ఎంతమంది, పరీక్ష పట్టుకున్నవారిలో జబ్బు ఉన్నవారు ఎంతమంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. లవం రెండింటికీ 90 మందే. హారం మాత్రం ఒకదానికి 100, మరొకదానికి 585. ఈ తేడా ఒక్కటి మనసులో నాటుకుంటే, ఇలాంటి లెక్కలకు వాడే బేయీ సిద్ధాంతం సగం వచ్చినట్టే. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు రెండో పరీక్ష ఎందుకు చేయిస్తారో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

9. తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు, వాటి సవరణ

*సగటులకు సగటు తీయడం.* 40 మంది ఉన్న సెక్షన్ సగటు 60 మార్కులు, 10 మంది ఉన్న సెక్షన్ సగటు 80. మొత్తం సగటు 70 కాదు. 2400, 800 కూడి 50తో భాగిస్తే 64.

*వేగాల సగటు.* 120 కి.మీ. దూరం గంటకు 40 చొప్పున వెళ్లి, 60 చొప్పున తిరిగి వస్తే సగటు వేగం 50 కాదు. 240 కి.మీ.కు పట్టిన కాలం 3 + 2 = 5 గంటలు; జవాబు 48. ఇక్కడ హారం గంటలు.

*"లేదా" కనిపించగానే కూడేయడం.* పేక ముక్కల్లో ఎర్రది లేదా రాజు రావాలంటే 26, 4 కూడితే ఎర్ర రాజులు రెండుసార్లు లెక్కకు వస్తారు. 26 + 4 − 2 = 28; జవాబు 28/52, అంటే 7/13.

*రెండు పాచికల మొత్తాలను సమసంభవాలు అనుకోవడం.* మొత్తాలు 2 నుంచి 12 దాకా పదకొండే అయినా హారం 36. ఏడు 6 రకాలుగా వస్తుంది, పన్నెండు ఒకే రకంగా వస్తుంది.

10. నాలుగో వారం: సొంతంగా చేయవలసిన లెక్కలు

ప్రతి లెక్కకూ అంచనా గడి నింపాకే ముందుకు వెళ్లండి.

1. ఐదు రోజుల టమాటా ధరలు కిలోకు రూ. 20, 24, 22, 20, 64. సగటు, మధ్యగతం, బాహుళకం ఎంత? వంటింటి ఖర్చు అంచనాకు ఏది తీసుకుంటారు, ఎందుకు?
2. రెండు పాచికల మొత్తం 9 అయ్యే సంభావ్యత ఎంత?
3. లీపు సంవత్సరంలో 53 ఆదివారాలు వచ్చే సంభావ్యత ఎంత? (52 వారాలు పోగా మిగిలే రెండు రోజుల జతలను రాయండి.)
4. నాలుగు సమాన గవ్వల్లో కనీసం ఒకటి వెల్లకిలా పడిందని తెలిసింది. అది చెమ్మా అయ్యే సంభావ్యత ఎంత?
5. రూ. 500 వస్తువు ధర 20 శాతం పెరిగి, తర్వాత 20 శాతం తగ్గింది. ఇప్పుడు ధర ఎంత? రెండు శాతాలకూ హారాలు ఏవి?

జవాబు చూసే ముందు ఈ జాబితా సరిచూసుకోండి:

- హారం అంకెను మాత్రమే రాశానా, అది వేటి సంఖ్యో మాటల్లో కూడా రాశానా?
- హారంలో లెక్కపెట్టినవన్నీ సమసంభవాలేనా?
- సంభావ్యత 0కూ 1కీ మధ్యే ఉందా? అన్నీ కలిపితే 1 అయిందా?
- సగటు అతి చిన్న అంకెకూ అతి పెద్ద అంకెకూ మధ్యే ఉందా?
- జవాబు పక్కన ప్రమాణం (యూనిట్లు, నిమిషాలు, రూపాయలు) ఉందా?

జవాబులు: 1) సగటు 30, మధ్యగతం 22, బాహుళకం 20, మామూలు రోజు ఖర్చుకైతే మధ్యగతం. 2) 4/36, అంటే 1/9. 3) 2/7. 4) 1/15, "నాలుగూ బోర్లా" అన్న వరుస తొలగిపోయింది కాబట్టి హారం 15. 5) రూ. 480, మొదటి శాతానికి హారం 500, రెండోదానికి 600.

ఐదింటిలో మూడు తప్పితే కొత్త లెక్కలకు పోకుండా, తప్పిన వాటి అంచనా గడులను పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగో లెక్క తప్పితే 4వ భాగంలోని 16 వరుసలను మళ్లీ చేత్తో రాసి, కొట్టేయవలసిన వరుసను కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టండి.